ఆ పిల్ల అన్న "హై"

చాలా ఏండ్ల కింద కొత్తగూడ దగ్గర ఒక బడిల నేను ఆయమ్మగ చేసేదాన్ని. జపాను నుంచి చదువుకోను వచ్చిన ఒక పెద్దపిల్ల, మొదటి రోజే మొఖం పాలిపోయి గోడకానుకొని నిలబడ్డది. తెలుగు రాదు గదా అని ఉర్దూల అడిగిన.

"బేటీ, కడుపుల దర్ద్ హై?"

"హై!"

"గుండెల కూడా దర్ద్ హై?"

"హై!"

రెండుచోట్లా నొప్పి ఉన్నదంటున్నదని నా పాణం పోయినంత పనైంది. పరాయి బిడ్డకు ఏమన్నయితే వాళ్లమ్మకు ఏం జవాబు చెప్పాలె? చెయ్యి పట్టి గుంజుకపోయి, దవాఖానకని ఆటో ఎక్కించిన. టీచరమ్మ ఉరికొచ్చి ఆటోకు అడ్డం నిలబడ్డది.

"ఆగు ఆయమ్మా! వాళ్ల భాషలో 'హై' అంటే 'అవునండి' అని. అర్థంకాకపోయినా మర్యాదకి అలాగే అంటుంది. దానికి ఏ నొప్పీ లేదు!"

పిల్ల దిక్కు చూసిన. గజగజ వణుకుతున్నది. ఎవరో ముసల్ది ఎత్తుకపోతున్నదనుకున్నది, పాపం! నాకంటే ఎక్కువ అదే భయపడ్డది. ఆ వణుకు నా చేతులు ఇంకా మరువలేదు.