మొగ్గ తొడిగిన మొక్కకు మచ్చలు వచ్చిన ఆదివారం

కార్తీక మాసం మూడో ఆదివారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. నేను హాల్లో గడియారం కింద కూర్చుని పేపరు చదువుతున్నాను. నాకు ఒక వార్త చదవడానికి అరగంట పడుతుంది. యాభై రెండేళ్ల వయసులో అక్షరాలు దిద్దినదాన్ని, ఒక్కటి కూడా వదలకుండా కూడబలుక్కుని చదువుతాను. మొదటి వార్త సగంలో ఉండగా బాల్కనీలో నుంచి మా కోడలు "అత్తా!" అని అరిచింది.

తేలు కుట్టిందేమో అనుకుని పరుగెత్తాను. తేలు కాదు. తన ఆర్కిడ్ కుండీ ముందు చతికిలబడి కూర్చుని ఉంది. ఆకుల మీద మచ్చలు.

ఆ మొక్క సంగతి కొంచెం చెప్పాలి. మూడేళ్ల కిందట ఎక్కడి నుంచో తెచ్చింది. మట్టి ఉండదు. బొగ్గు ముక్కల్లో, చెట్టు బెరడు ముక్కల్లో నిలబెట్టాలి. నాలుగు దళసరి ఆకులు, బయటికి పాకే తెల్లటి వేర్లు, అంతే. పూత లేదు, కాయ లేదు. తిరుపతి ఎండకు ఇది పూయదని దాన్ని చూసిన ప్రతివాళ్లూ చెప్పారు, అందరికన్నా గట్టిగా నేను చెప్పాను. "బొగ్గుల మొక్క" అని పేరు పెట్టింది కూడా నేనే. మా కోడలు మాత్రం వేసవిలో తడి గోనెసంచులు కట్టి కాపాడుకుంది. ఆ కార్తీకంలో, వానలు పడి రాత్రులు చల్లబడ్డాక, ఆకుల సందులో నుంచి జానెడు కాడ లేచింది. కాడకు ఆరు మొగ్గలు. రోజూ పొద్దున లేవగానే వాటిని లెక్కపెట్టి గానీ కాఫీ తాగేది కాదు. ఇప్పుడు ఆ కాడ పక్క ఆకుకే మచ్చ పడింది. మచ్చ మొక్క నడుమకు దిగితే మొక్కా ఉండదు, మొగ్గలూ ఉండవు.

"ఎండ దెబ్బ" అన్నాను. "నీ మొగుడే, కుర్చీ వేసుకోవడానికి కుండీని అంచుకు జరిపినాడు. నా కళ్లతో సూసినాను."

మావాడు పళ్లు తోముకుంటూ వచ్చి నోటి నిండా నురగతోనే నన్నేదో అన్నాడు. అర్థం కాలేదు. కాకపోవడమే మంచిదైంది.

అప్పుడే తలుపు దగ్గర మా తమ్ముడి గొంతు వినబడింది. పూతలపట్టు దగ్గర వాడికి రెండెకరాల చెనిక్కాయ, అంటే వేరుశనగ చేను ఉంది. కొత్త కాయలు పీకినప్పుడల్లా మొదటి బస్సుకు ఒక సంచి మోసుకొస్తాడు. సంచి దించకుండానే బాల్కనీలోకి తొంగి చూశాడు.

"ఎండ యాడుండాది అక్కా? వారం దినాలుగా ముసురు. మా ఇంట్లో గుడ్డలే ఆరలేదు, దీనికి ఎండదెబ్బ ఎట్ట తగిలింది?"

"అయితే మొక్క అమ్మినోడే తెగులు మొక్క అంటగట్టినాడు."

"మూడేండ్ల కిందట అమ్మినోడా?" అన్నాడు వాడు. మా కోడలు నవ్వు ఆపుకుంది. నేను చూశాను.

వాడు సంచి దించి, చెనిక్కాయ ఆకును మడిచి చూసినట్టు దీని ఆకును కూడా మడవబోయాడు. మా కోడలు వాడి చెయ్యి పట్టేసుకుంది.

"మామా! అది ఇరిగిపోతాది! పైనుంచే సూడు."

"ఇంత లావు ఆకు పెట్టుకోని ఇరిగేదేంది" అని గొణుగుతూనే, ఆకును విరగకుండా లేపి ట్యూబులైటు వెలుగుకు పెట్టాడు. చాలాసేపు చూశాడు. వాడికి చదువు లేదు, నాకన్నా లేదు. కానీ నలభై ఏళ్లుగా ఆకులు చూస్తున్నాడు.

"ఇవి రెండు రకాలుండాయి అమ్మాయ్. ఈ కింద ఆకు మీదవి పొడి మచ్చలు. చుట్టూ పసుపు గీత సూడు. చెనిక్కాయకు వచ్చే ఆకుమచ్చ మాదిరే. ఇది నిదానంగా పోతాది, భయం లేదు. పైదుండాదే, అది చెడ్డది. నూనె మరక మాదిరి ఉండాది. ఏలు పెట్టు, మెత్తగా తగలతాది. ఇది నీళ్లు నిలిచి వచ్చిన కుళ్లు. ఒక్క దినంలో ఆకంతా దిగతాది."

మా కోడలు వేలు పెట్టింది. చటుక్కున వెనక్కి లాక్కుంది.

"నీళ్లు ఎప్పుడు పోస్తావు?"

"పొద్దున పూటే మామా. ఆకుల నడిమిలో చుక్క పడినా దూదితో తుడిచేస్తాను. సాయంత్రం ముట్టనే ముట్టను."

"మరి ఈ తడి యాడిది?" అంటూ ఆకుల నడుమ గుంటలో వేలద్ది ముక్కు దగ్గర పెట్టి చూశాడు. "పులిసిన మజ్జిగ కంపు కొడతాండాది. ఈ చీమలేంది? చీమలు ఊరికే రావు గదా."

నిజమే. గోడ అంచు నుంచి సన్నటి ఎర్రచీమల వరుస కుండీ ఎక్కి, ఆకుల మీదుగా నడిచి, సరిగ్గా నడుమ గుంటలోకి దిగుతోంది. నేను ఆ వరుసనే చూస్తూ నిలబడ్డాను. ఎదుటివాళ్ల తప్పు చెప్పడానికి నాకెప్పుడూ క్షణం పట్టదు. నా తప్పు చెప్పడానికి మాత్రం ఆ చీమలను రెండుసార్లు లెక్కపెట్టాల్సి వచ్చింది.

"నేనే పోసినాను" అన్నాను.

"ఏం పోసినావు?"

"పాలు. బెల్లం కలిపిన పాలు."

కార్తీకంలో సందెవేళ తులసి దగ్గర దీపం పెట్టి పాలు నైవేద్యం పెడతాను. తులసి కుండీ పక్కనే ఈ ఆర్కిడ్. మొగ్గ తొడిగిన మొక్క కడుపుతో ఉన్న మనిషితో సమానమని మా అమ్మ అనేది. కడుపుతో ఉన్నదాన్ని ఎదురుగా పెట్టుకుని పక్కదానికి మాత్రం పెట్టి పోతే పాపం తగులుతుంది. అందుకని తొమ్మిది రోజులుగా, కోడలు వంటింట్లో ఉన్నప్పుడు, గ్లాసులో మిగిలిన పాలు నడుమ గుంటలోనే పోస్తున్నాను. గుంట ఉన్నది అందుకేననుకున్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. మా కోడలు నన్ను ఎగాదిగా చూసింది.

"మూడేండ్లు బొగ్గుల మొక్క, బొగ్గుల మొక్క అని, నాకు తెలీకుండా దానికి పాలు పోస్తాండావా అత్తా?"

"మొగ్గలు సూసినాక మనసు ఊరుకోలేదు."

మా తమ్ముడు తుండు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "కాన్పు కూడా నువ్వే సేయి అక్కా."

నవ్వు అయ్యాక పని మొదలైంది. మా కోడలి దగ్గర తెగులు మందు ప్యాకెట్ ఉంది. తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకుని "బకెట్టుకు గుప్పెడు వేస్తే సరిపోతాది" అన్నాడు. నేను లాక్కుని, వెనక రాసి ఉన్నదంతా మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

"ఆమె సదివేలోగా తెగులు పక్కింటికి పోతాది."

"గుప్పెడు గుప్పెడు అని పోయినేడాది అరెకరా మాడ్చినోడివి నువ్వు. ఊరుకో." లీటరుకు ఎన్ని గ్రాములో చదివి వినిపించాను. అంతే కలిపాం, కింద ఆకుల పొడి మచ్చల కోసం. మెత్త మచ్చకు ఈ మందు పని చేయదని, దాన్ని కోసి పారేయాల్సిందేనని తమ్ముడు తేల్చాడు.

మా కోడలు బ్లేడును ఆకు దాకా తెచ్చి ఆపేసింది. నాకిచ్చేసింది. "నువ్వే కొయ్యి అత్తా. పాలు పోసిన చేత్తోనే కొయ్యి."

స్టవ్ మంట మీద బ్లేడు కాల్చి, చల్లార్చి, మచ్చకు రెండు వేళ్ల కిందుగా, పచ్చగా ఉన్న చోట కోశాను. సగం ఆకు పోయింది. నడుమ గుంటలోని తడినంతా కోడలు దూదితో పీల్చింది. కోసిన అంచుకు దాల్చినచెక్క పొడి అద్దితే కుళ్లు పాకదని, వేర్ల మీద పడితే మాత్రం వేర్లు ఎండిపోతాయని తనే చెప్పింది. మావాడు మిక్సీలో దాల్చినచెక్క వేసి తిప్పాడు. ఇల్లంతా గుప్పుమంది.

రెండు నిమిషాల్లో పై వాటా ఇంటి ఓనరమ్మ దిగి వచ్చింది.

"ఏందమ్మా, కార్తీకంలో బిర్యానీ వండుతాండారా?"

"మొక్కకు తాలింపు పెడతాండాం" అన్నాడు మా తమ్ముడు.

ఆమె నమ్మలేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసి చూసింది. ఉప్మా కనబడింది. తర్వాత బాల్కనీలోకి వచ్చి, సగం ఆకునూ, పొడినీ చూసి, "మీ ఇంట్లో ఏదీ మామూలుగా జరగదు" అని అక్కడే నిలబడిపోయింది. ఆమెకు కూడా ఉప్మా పెట్టాం.

చివరగా కింద ఆకు మీది మూడు పొడి మచ్చల చుట్టూ మా కోడలు స్కెచ్ పెన్నుతో గీత గీసింది. గీత దాటితే తెగులు ఇంకా బతికి ఉన్నట్టు, దాటకపోతే ఆగినట్టు. పక్కన ఏ రోజు గీసిందో గుర్తుండాలి కదా అని పెన్ను నా చేతికిచ్చింది. "ఆది" అని రాశాను. ఆకు నున్నగా ఉంటుంది, పలక కన్నా బాగా రాయొచ్చు.

కుండీని గోడకు దూరంగా, ఫ్యాను గాలి తగిలే చోట పెట్టాం. వారం దాకా చుక్క నీళ్లు పోయలేదు. సోమ, మంగళవారాలు ఏమీ కాలేదు. బుధవారం ఒక మచ్చ గీత దాటింది. మళ్లీ బ్లేడు, మళ్లీ దాల్చినచెక్క. మిగిలిన రెండూ దాటలేదు, ఈనాటికీ ఆ గీతల్లోనే ఉన్నాయి. తులసి దగ్గర పాలు నైవేద్యం పెట్టి, ఇప్పుడు నేనే తాగుతున్నాను.

ఆరు మొగ్గల్లో రెండు పసుపు తిరిగి రాలాయి. అవి నా లెక్కలోకే వస్తాయి. మా కోడలు వాటిని తీసి పారేసింది. మార్గశిరంలో ఒక శుక్రవారం మొదటి పువ్వు విచ్చింది. తెల్లటి రేకులు, నడుమ వంకాయ రంగు నాలుక. తర్వాత వరుసగా మూడు. సగం తెగిన ఆకుతో మొక్క కుంటిదానిలా ఉంది గానీ, పూల ముందు ఆకు ఎవరు చూస్తారు. మా కోడలు ఫోన్ పట్టుకుని ఎవరెవరికి చూపించిందో లెక్కలేదు. పూయదని అన్నవాళ్లందరికీ ముందుగా చూపించింది. నాకైతే పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది.

పూలు నెలన్నర దాటినా వాడలేదు. చూడడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఇప్పుడు "నేను చెప్పబట్టే బతికింది" అంటున్నారు. వీధి చివర టీ కొట్టువాడు అంటున్నాడు. కోడలి పెద్దమ్మ చిత్తూరు నుంచి ఫోన్లో అంటోంది. ఆమె ఆ వారం మా గడపే తొక్కలేదు. అందుకని రాసి పెడుతున్నాను. ఆ ఆదివారం బాల్కనీలో ఉన్నది ఐదుగురమే. మచ్చ చూసిన మా కోడలు, రోగం కనిపెట్టిన మా తమ్ముడు, దాల్చినచెక్క తిప్పిన మావాడు, ఉప్మా తిన్న ఓనరమ్మ, పాలు పోసిన నేను.