గుమ్మం బయటి వరుస

ఏళ్లుగా నాలోనే దాచుకున్న మాట ఇది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా ముఖం తెలియదు గనక మీకు చెబుతున్నాను.

రియాద్‌లో ఒక వైద్య పరీక్షల కేంద్రం. ఇకామా, అంటే ఆ దేశంలో ఉండి పనిచేసే అనుమతి కార్డు, కావాలంటే కొత్తగా వచ్చిన కూలీలు అక్కడ రక్తం ఇవ్వాలి, ఎక్స్‌రే తీయించుకోవాలి. జనం పడిగాపులు పడుతున్నారని, అది తగ్గించే పని నాకిచ్చారు. కేంద్రాన్నంతా కంప్యూటర్‌లో సిమ్యులేషన్‌గా కట్టాను. మనుషులు చుక్కలు, గదులు గళ్లు. ఎవరికిచ్చిన టైముకు వాళ్లొస్తే ఎవరూ ఆగనక్కర్లేదని తెర మీద చూపించాను. చప్పట్లు కొట్టారు.

కానీ కూలీలు ఒక్కొక్కరుగా రారు. క్యాంపు బస్సు పొద్దున్నే అందర్నీ ఒకేసారి దింపేసి సైటుకు వెళ్లిపోతుంది. నాకు తెలియదా? తెలుసు. కూలీల క్యాంపులుండే సులై నుంచి వచ్చే బస్సు డ్రైవరే చెప్పాడు. అది లెక్కలోకి తెస్తే నా మోడల్ కూలుతుంది, కాంట్రాక్టు పొడిగింపు పోతుంది. అందుకే నిరీక్షణను గుమ్మం దాటాకే కొలిచాను. టైము కానివాళ్లను లోపలికి రానివ్వొద్దని గార్డుకు చెప్పించిందీ నేనే. వరుస తగ్గలేదు, ఎండలోకి జరిగింది.

ఒకరోజు నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, వరుసలోంచి ఒక జగిత్యాల మనిషి దగ్గరికొచ్చాడు. నా ఈడువాడే.

“సారూ, రక్తపరీక్షని ఏం తినకుంటొచ్చిన. కండ్లు తిరుగుతున్నయ్. జర లోపల కూసోనియ్యుమనుండ్రి.”

“నీ టైము కాలేదుగా. ముందే ఎందుకొచ్చావు?”

“బస్సు దింపిపోయింది సారూ. మా చేతుల ఏమున్నది?”

తెలిసీ ఎందుకడిగాను? తప్పు అతనిదే అనిపించడానికి. లోపల కుర్చీలన్నీ ఖాళీ. ఆ రోజు పెద్దసార్లు చూడటానికొస్తున్నారు, ఖాళీ కుర్చీలే నా గొప్ప. తల తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాను.

కాసేపటికి అతను మెట్ల దగ్గర పడిపోయాడు. వాళ్ల కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి, జబ్బు మనిషి మాకొద్దన్నాడు. వీసా రద్దుచేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేశారు. ఆ సూపర్‌వైజర్ పక్కనే ఉన్నాను నేను. ఒక్కమాట చెబితే అతని ఉద్యోగం నిలిచేదేమో. చెబితే, ఎండలో ఎవరు నిలబెట్టారని అడుగుతారు కదా? పెద్దసార్లకు ఖాళీ కుర్చీలు చూపించడానికి వెళ్లాను. సిగ్గులేని బతుకు.

నా కాంట్రాక్టు పొడిగించారు. అతని పేరు కూడా నాకు తెలియదు, క్షమించమని ఎవర్ని అడగను? అడిగినా ఎందుకు క్షమించాలి?

ఆ రోజు సూపర్‌వైజర్‌తో అనాల్సిన మాట ఇప్పుడంటున్నాను. అతనికి ఏ జబ్బూ లేదు. ఎండలో నిలబెట్టింది నేను.