మిర్చి తుమ్ముకి దోషం లేదు

లిస్బన్‌లో నేనున్న గది కింద కోళ్లు కాల్చే హోటలొకటుంది. పొద్దున్నే వాళ్లు మిరపకాయలు నూనెలో వేయిస్తే ఆ ఘాటు మెట్లెక్కి గదిలోకి వచ్చేస్తుంది. ఆఫీసు శిక్షణకని నెల రోజులకు వచ్చినదాన్ని, మొదటిరోజే గడప దాటుతూ హాఛ్‌మని తుమ్మాను. తుమ్మి, ఎవరో భుజం పట్టి కూచోబెట్టినట్టు మెట్టు మీద కూలబడి, సీసాలో నీళ్లు తాగాను. నరసరావుపేట పిల్లని మరి! ఎదురింటి కిటికీలో కూర్చున్న ముసలావిడ నవ్వి, చెయ్యెత్తి ఏదో అంది. ఇక్కడ తుమ్మితే దీవిస్తారట.

అప్పుడు చూశాను ఆవిడ బట్టలు. తల నుంచి కాలి దాకా నలుపే. మొగుడు పోయిన పెద్దావిడలు ఇక్కడ ఇప్పటికీ అలా కడతారని ముందే విన్నాను. లేవబోయిన కాలు దానంతటదే ఆగింది. సిగ్గేసింది నాకు.

తమాషా ఊరిది. ట్రాములు ఇళ్ల గోడలు రాసుకుంటూ పోతాయి, దుప్పట్లూ లోదుస్తులూ వీధిలో పోయేవాళ్ల నెత్తిమీదే ఆరేస్తారు, వేలెడంత కప్పులో కాఫీ నిలబడి తాగేసి ఎవరి దారిన వాళ్లు పోతారు. ఆ ముసలావిడ మాత్రం పొద్దున్నే వీధి మొత్తాన్ని సాగనంపుతుంది. బడికెళ్లే పిల్లలు ఆవిడకి చెయ్యూపితే గాని మలుపు తిరగరు. అది చూసినప్పుడల్లా రాజ్యమత్త గుర్తొచ్చేది.

రాజ్యమత్త మా నాన్నకి అక్క. చిన్నవయసులోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. అమ్మ కొట్లో నాన్నకి సాయంగా ఉండేది గనక నన్ను పెంచింది అత్తే. మాది ఎండుమిర్చి కొట్టు. ఎండాకాలం పల్లెల నుంచి ట్రాక్టర్లలో బస్తాలు దిగుతుంటే వీధి వీధంతా తుమ్ములే, హమాలీలు, గుమాస్తా, పాలవాడు, చివరికి మేం తలపెట్టుకునే దిండ్లలోనూ అదే ఘాటు. కళ్లనీళ్లు కారుతున్నా పైటకొంగుతో తుడుచుకుంటూ అత్త నాకు జడలేసేది, ఉగాదికి బొబ్బట్లు కాల్చి నెయ్యి కారేటట్టు నా ఒక్కదానికే ముందుగా పెట్టేది.

నాన్నకి శకునాల పిచ్చి. గుంటూరు బయల్దేరబోతూ తుమ్ము వినపడితే కూచునేవాడు, లేచేలోపు ఇంకో తుమ్ము. ఈలోపు బస్సు పోయేది. అట్లా బేరాలు చెడి చెడి విసుగెత్తి, ఓ రోజు "మిర్చి తుమ్ముకి దోషం లేదెహె!" అని ఆయనే తీర్పిచ్చేశాడు. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం, అత్త కూడా.

ఆ మినహాయింపు అత్తకి మాత్రం దొరకలేదు. ప్రయాణమయ్యేవాళ్లకి విధవ ఎదురు రాకూడదు కదా! లోపలికి పొమ్మని ఆవిణ్ణి ఎవరూ అనేవాళ్లు కారు. "బయల్దేరతన్నామక్కా" అని నాన్న ఒక్క మాట అనేవాడు. అప్పటిదాకా పెరుగన్నం డబ్బా సర్దుతున్న అత్త చేతులు తుడుచుకుని, బియ్యం బస్తాల గదిలోకి పోయి తలుపు వేసుకునేది. అమ్మ నీళ్లచెంబుతో ఎదురొచ్చేది. గేటు చప్పుడయ్యాక గాని అత్త బయటికి రాదు.

హైదరాబాదులో సీటొచ్చి నేను ఊరు విడిచే రోజున ఆ తలుపు ముందు కూర్చున్నాను.

"నువ్వు ఎదురొస్తేనే పోతా అత్తా."

"ఏందే నీ పంతం? బస్సు పోద్ది, లెగు."

"మిర్చి తుమ్ముకి లేని దోషం నీకేందత్తా?"

లోపల్నుంచి సన్నగా వినపడింది. "నీకేదన్నా అయితే ఎవురూ ఏం అనక్కర్లేదే తల్లీ, నన్ను నేనే చంపుకుంటా. పో నా బంగారు."

నాన్న అంతా విన్నాడు. తలెత్తకుండా నా పెట్టె భుజానికెత్తుకున్నాడు. నేను ఏడుస్తూ ఆ తలుపుకే "పోయొస్తా అత్తా" అని చెప్పి బయల్దేరాను. ఆ తర్వాత ఎన్ని ప్రయాణాలు చేసినా, అత్త పోయేదాకా ఆ తలుపుకే చెప్పాను.

ఇప్పుడా ఇంటి చోట సెల్‌ఫోన్ల షాపుంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలకి పోతోంది, మా వీధిలో తుమ్ములే లేవు. మావాళ్లు ఫోన్లో కారు పిలిచి, అది రాగానే పరుగెడతారు. ఎవరెదురొచ్చారో చూసే తీరిక ఎవరికుంది? ఇవాళ అత్త వాకిట్లో నిలబడితే ఎవరూ ఏమీ అనరు. ముందు ఆచారం పోయి, అత్త తర్వాత పోవాల్సింది.

ఈ పొద్దున తిరుగు ప్రయాణం. పెట్టెతో కిందికి దిగితే ఎదురు కిటికీ మూసి ఉంది. మెట్టు మీద కూర్చుండిపోయాను. కారు డ్రైవరు గడియారం చూపించి చేతులూపుతున్నాడు. నల్లబట్టల ముసలావిడ ఎదురు రావాలని కూచున్నానని మా నాన్న కూతురు అతనికి ఏ భాషలో చెబుతుంది?

అంతలో రొట్టెల సంచీతో మలుపు తిరిగి ఆవిడే వచ్చింది. నా పెట్టె చూసి, తిన్నగా నాకెదురొచ్చి, చెంప నిమిరింది.

"పోయొస్తా అత్తా" అన్నాను, తెలుగులోనే. ఆ మాట తలుపుకి కాకుండా మనిషికి చెప్పడం నాకదే మొదలు.