రాగి కొండకు మామతోటి పోయిన తొవ్వ

మా దిక్కు అప్పట్ల కోడలు మామతోటి ఎదురుంగ మాట్లాడకపోయేది. కొంగు నెత్తిమీదికి గుంజుకోని, పక్కకు జరిగి, చెప్పేదేమన్న ఉంటె గోడకో దర్వాజకో చెప్పాలె. "బువ్వ అయ్యింది" అని నేను మెల్లగ దర్వాజకు చెప్తే, "వస్తున్న" అని మా మామ వాకిట్ల కట్టేసిన బర్రెకు చెప్పేటోడు. నవ్వకుండ్రి, ఆర్మూర్ల పసుపు పండించే పెద్దిండ్లల్ల గిట్లనే ఉండె. పెండ్లయినంక రెండేండ్లు మాకు గట్లనే నడిచింది. నడుమ అత్త ఉండె గనక ఇబ్బంది కాలే.

గా రెండేండ్లల్ల నా పెనిమిటి ఇంట్ల ఉన్నది మూడు నెలలే. పోచంపాడు కాడ డ్యాం పని మొదలైనప్పుడు, భూమి కింద బండ ఎట్లున్నదో తొలిచి చూసే మిషన్ మీద కూలికి చేరిండు. పని మంచిగ పట్టుబడ్డది. గా మిషనోళ్లతోటే గుంటూరు జిల్లాకు, వినుకొండ అవుతల అగ్నిగుండాలకు పోయిండు. ఆడ పాతకాలంల రాగి తీసిన కొండ ఉన్నదట, ఇంక ఏమన్న మిగిలిందా అని సర్కారోళ్లు తొలుస్తున్నరట. ఉత్తరాలు మామ పేరు మీద వచ్చేటియి. చివర్ల 'అందర్ని అడిగిన అని చెప్పుండ్రి' అని ఉండేది. గా అందర్ల నేనున్ననో లేనో ఎవర్ని అడగాలె?

గా ఏడు పసుపు తవ్వకానికి ఇంక నెల ఉండంగ, కొడుకును తోలుకొస్తనని మామ బయలెల్లిండు. "నన్ను చూస్తె రానంటడు. పెండ్లాన్ని చూస్తె వస్తడు" అని అత్తతోటి అన్నడు. గందుకే నన్ను ఎంట తీస్కపోయిండు. నా మనసుల ఒక్కటే ఉండె. ఆయన వాపస్ వస్తె సరే. రాకుంటె నేను సుత ఆడనే ఉండాలె.

నిజామాబాద్‌ల రైలెక్కినం. అత్త లేదు, ఇగ చూడుండ్రి మా తిప్పలు. "దూప అయితున్నది" అని నేను ట్రంకుపెట్టెకు చెప్పిన. "వచ్చే టేషన్ల నీళ్లుంటయి" అని మామ కిటికీకి చెప్పిండు. ఎదురుంగ కూసున్న ముసలామె మా ఇద్దర్ని మార్చి మార్చి చూసింది. "పెద్దమనిషికి చెవుడా బిడ్డా?" అని మెల్లగ అడిగింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్ల కుక్కుకున్న.

అగ్నిగుండాలల మా ఆయన ఎండకు నల్లగయ్యి, బక్కపడి ఉన్నడు. నన్ను చూసి నవ్విండు. నాయిన ఉన్నడని మళ్ల మొఖం కిందికేసిండు. పొద్దుగాల్నే కొండకు తోలుకపోయిండు. ఎప్పటోళ్లు తవ్విండ్రో ఏమో, ఒక మనిషి పక్కకు తిరిగితె తప్ప పట్టనంత సందులు. గోడలు పొగచూరి ఉన్నయి. మంటవెట్టి, బండ కాలినంక నీళ్లు గుమ్మరించి పగులగొట్టేటోళ్లట. రాళ్ల మీద అక్కడక్కడ పచ్చటి మరకలు. గదే రాగి జాడ అని ఆయన సూపెట్టిండు.

మిషన్ కాడ, భూమిల నుంచి తీసిన రాతి కడ్డీలు కట్టెపెట్టెలల్ల వరుసగ పెట్టి ఉన్నయి. మామ ఒకటి తీసుకోని రెండు చేతులతోటి ఇరుస్తున్నడు! పసుపుకొమ్ము కొనేటప్పుడైనా అమ్మేటప్పుడైనా ఇరిచి లోపలి రంగు చూసుడు ఆయనకు అలవాటు. "నాయినా, గది బండ" అని కొడుకు గుంజుకున్నడు. "ఇరవకుంటె లోపల పండిందో లేదో ఎట్ల తెలుస్తదిరా?" అని మామ గుర్రుమన్నడు.

పొద్దుమీకి మా ఆయన ఉండే గుడిసె ముంగట కూసున్నంక మామ అడిగిండు, "పసుపు తవ్వకానికి వస్తవా, రావా?"

"రాను నాయినా. ఈడ నౌకరి పర్మనెంట్ చేస్తమంటున్నరు."

మామ తువ్వాల దులిపి భుజం మీద ఏసుకున్నడు. "సరే. నేనూ కోడలూ పోతం. ఇంటికాడ పనికి మనుషులు లేరు" అన్నడు.

నా పెనిమిటి అడ్డం చెప్తడేమో అని చూసిన. ఆయన లాంతరు వత్తి సదురుకుంట కూసున్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. కొండను తొలిచేటోనికి నోరు తెరుచుడు చేతకాదా? పైంగ తెల్లారి ఆయనే, "ఇంత దూరం వచ్చిండ్రు, సముద్రం చూసి చీరాలల్నే రైలెక్కుండ్రి" అన్నడు. సముద్రం ఎవనికి కావాలె!

ముగ్గురం బస్సుల చీరాలకు, ఆడికెల్లి జట్కాల ఓడరేవుకు పోయినం. ఒడ్డు పొంటి చేపలు ఎండవోసి ఉన్నయి, పడవలు బోర్లేసి ఉన్నయి. నీళ్లు చూసి నా కోపం సుత జరసేపు మర్చిపోయిన. మా ఆయన వాపస్ పోయే జట్కా మాట్లాడనీకి పోయిండు.

ఏటేటా తవ్వకానికి ముందు పసుపు గోదారికి ఇచ్చుడు మా ఇంటి రివాజు. తొవ్వల ఏ నీళ్లకన్న ఇద్దామని మామ ఐదు కొమ్ములు, కుంకుమ రయికెగుడ్డల కట్టి ఇంటికాడి నుంచే తెచ్చిండు. వంగి నీళ్లల్ల ఇడిచి దండం పెట్టిండు. గోదారైతె తీస్కపోతది. ఇదేమో మళ్ల తెచ్చి కాళ్ల కాడ పారేసింది. మళ్ల ఇడిచిండు, మళ్ల తెచ్చింది. "మా ఆర్మూరు పసుపు నీకు పనికిరాదా?" అని సముద్రం మీద లేచిండు. ధోతి ఎగ్గట్టి లోపలికి నడిచిండు. మోకాళ్లు మునిగినయి, నడుము మునిగింది. అవుతల పెద్ద అల లేస్తున్నది, ఆయన మూట దిక్కే చూస్తున్నడు.

"మామా! ఎనుకకు రా! మామా!"

ఒర్లుకుంట ఉరికి, చెయ్యి దొరకవట్టి గుంజిన. ఇద్దరం ఇసుకల పడ్డం. ఉప్పునీళ్లు ఉమ్మేసి, మామ నా మొఖంలకు చూసిండు. రెండేండ్లల్ల గదే మొదటిసారి.

"నీ గొంతు గిట్లుంటదా బిడ్డా" అన్నడు.

ఇగ నాకు ఏడుపు ఆగలే. "నేను ఇంటికి రాను మామా. ఈడ్నే ఉంట. ఆయన అడగడు, మీరు అడగరు. గందుకే నేనే చెప్తున్న" అన్న. మామ లేచి ధోతి పిండుకున్నడు. మా ఆయన ఉరికొచ్చి ఏమైంది ఏమైంది అంటె, మామ జట్కా దిక్కు నడిచిండు.

చీరాల టేషన్ల మామ ఒక్కటే టికెట్ తీసుకున్నడు. నాకు నమ్మబుద్ధి కాలే. రైలెక్కి కిటికీ కాడ కూసోని, కొడుకును గాదు, నన్ను పిలిచిండు.

"మీ అత్త మా నాయినతోటి పద్దెనిమిదేండ్లల్ల ఒక్క మాట మాట్లాడలే. ఆయన పోయిండు. ఆమెకేం కావాలెనో ఆయన అడగలే, నేను సుత అడగలే" అన్నడు. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి. రైలు కదులుతున్నది. "పోంగనే అడుగుత. చెప్తదంటవా బిడ్డా?"

కిటికీ పొంటి నడుసుకుంట చెప్పిన, "ఒక్కసారికి చెప్పది మామా. మళ్ల మళ్ల అడుగుండ్రి."