తలుపు చూశాకే సంతకం పెట్టిన కాక

కాక పోయాడని మొన్న మంగళవారం ఆయన కూతురు ఫోన్ చేసింది. నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవరు జూసిండ్రు చెల్లె?" తప్పే. కానీ కళ్లతో చూడనిదే ఏదీ నమ్మని ఆయనతో పన్నెండేళ్లు ఒకే గదిలో ఉన్నవాడికి ఇంకో మాట ఎలా వస్తుంది? ఆ పిల్ల ఏడుస్తూనే, "నేనే జూసిన అన్నా" అంది. అప్పుడు నమ్మాను.

కాక నాకు చుట్టం కాదు, మా పక్క మండలం మనిషి. రియాద్ అవతల మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, తన తోటలో సరదాకి జంతువుల్ని పెంచేవాడు. వాటిని సాకడం కాక పని, నీళ్ల ట్యాంకర్ నడపడం నా పని. శుక్రవారం బతా బజారుకు పోతే మూడు దుకాణాల్లో బియ్యం గింజలు కొరికి చూసి నాలుగో దాంట్లో కొనేవాడు. పక్కనున్న నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆ అనుమానం ఊరికే రాలేదు. అరబ్బీ చదవడం రాని మేమంతా పెన్సిల్ గుర్తు ఉన్నచోట సంతకం గీకేసేవాళ్లమే. అంతకుముందు రాబిగ్ ఊళ్లో పనిచేసినప్పుడు సెలవు కాగితమనుకుని కాక అలాగే గీకాడు. అది ఖురూజ్, అంటే మళ్లీ రాకుండా ఇంటికి పంపేసే కాగితం. కొత్త వీసా దొరికేసరికి నాలుగేళ్లు పట్టింది.

గల్ఫ్ యుద్ధానికి కొద్ది నెలల ముందు తోటకు రెండు చింపాంజీలు వచ్చాయి. ఏదో ఇంట్లో ముద్దుగా పెరిగి రిటైరయ్యాయని మేనేజరు చెప్పాడు. "రిటైరయినయా? గవ్వేం కొలువు జేసినయ్?" అన్నాడు కాక.

సైరన్లు మోగే రోజుల్లో మాకు గ్యాస్ మాస్కులిచ్చారు. ఒక రోజు కాక మాస్కు పెట్టుకునే చింపాంజీలకు మేత పట్టుకెళ్లాడు. రెండూ గోడకు అంటుకుపోయాయి. కాసేపటికి పెద్దది మెల్లగా వచ్చి, ఊచల్లోంచి చెయ్యి చాపి, కళ్లు మూసుకుంది. మాస్కులవాళ్లు ఎన్ని సూదులు పొడిస్తే ఆ అలవాటు వస్తుందో! సైరన్ మోగుతుండగానే కాక మాస్కు తీసి పారేశాడు. ఆ రోజు ఆయన ఏడవడం చూశాను.

యుద్ధం ముగిశాక కఫీల్‌కు సరదా తీరింది. ఒక జూ వాళ్లు రెండింటినీ అడిగారు. గడ్డి, చెట్లు, ఆకాశం ఉంటాయి, ఈ ఇనుప బోనుకన్నా నయం కదా అన్నాడు మలయాళీ పశువుల డాక్టరు. నాకూ నిజమేననిపించింది. ఇన్నాళ్లూ ప్రయోగాలు చేసే తెల్లకోటువాళ్లు చూశారు, ఇక టిక్కెట్టువాళ్లు చూస్తారు, అంతేగా తేడా అన్నాడు కాక. డాక్టరు మాటకు తలూపానని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అవి జనంలో ఉండగలవని సాకేవాడు సంతకం పెడితేనే జూ వాళ్లు తీసుకుంటారట. మేనేజరు కాగితం తెచ్చి పెన్సిల్ గుర్తు చూపించాడు. చోటు చూడనిదే పెట్టనన్నాడు కాక. ఖురూజ్ కొట్టిస్తానని మేనేజరు బెదిరించినా కదల్లేదు.

చివరికి డాక్టరే మమ్మల్ని కారులో తీసుకెళ్లాడు. చోటు బాగానే ఉంది. కాక చుట్టూ రెండుసార్లు తిరిగి డాక్టర్ని ఒకటే అడిగాడు: "మనుషుల మొకం జూడబుద్ధి గాకపోతె, గవి యాడికి వోవాలె?"

తర్వాత డాక్టరే జూ వాళ్లతో పోట్లాడి, వెనక జనానికి కనబడని ఒక గది, దానికి ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు కట్టించాడు. అది కళ్లారా చూశాకే కాక తెలుగులో తన పేరు రాశాడు. అప్పటికీ తలుపుకు బయట గొళ్లెం లేదు కదా అని తడిమి చూశాడు.

రెండు నెలల తర్వాత, మగవాళ్లను రానిచ్చే రోజు చూసుకుని ఇద్దరం టిక్కెట్టు కొని వెళ్లాం. గడ్డి మీద ఒక్కటీ లేదు, వెనక గది తలుపు మాత్రం తెరిచే ఉంది. జనం ఊచలు కొడుతున్నారు, ఈలలు వేస్తున్నారు.

"నువ్వు పిలుస్తె వస్తయ్ గద కాకా" అన్నాను.

"గందుకే పిలుస్తలేను" అన్నాడు. ఆ జనం మధ్య, ఖాళీ గడ్డి వంక చూస్తూ, చప్పుడు కాకుండా నవ్వుతూ నిలబడ్డాడు.