గండికోట అంచున జేజి చెప్పిన రాణి

నా చిన్నప్పుడు నాకు తెలిసిన రాజులూ రాణులూ అందరూ మా జేజి నోటి నుంచి వచ్చినవాళ్లే. నాయన తల్లిని మా జమ్మలమడుగు వైపు జేజి అంటాం. గండికోటకు దగ్గరలోని పల్లె మాది. మేకలూ గొర్రెలే మా బతుకు. బడి లేని రోజుల్లో నేను జేజి వెంట మందతో పాటు కోటలోకి వెళ్లేదాన్ని. పడిపోయిన గోడల మధ్య మేకలు మేస్తుంటే, ఆమె ఒక రాయి మీద కూర్చుని, ఇక్కడ రాజు కొలువు తీరేవాడు, అక్కడ రాణి తల దువ్వుకునేది అని చూపించేది. నీకెవరు చెప్పారని అడిగితే నవ్వేది. ఆమె రాజులు మా ఊరివాళ్లలాగే మాట్లాడేవాళ్లు. వాన పడకపోతే దిగులుపడేవాళ్లు. సద్ది తిని చెయ్యి పంచెకు తుడుచుకునేవాళ్లు.

నాకు మాత్రం రాణులే కావాలి. రాణికి ఆపద రావాలి, ఎక్కడి నుంచో రాజు గుర్రమెక్కి రావాలి. ఆయన వచ్చేదాకా నేను జేజిని నీళ్లు కూడా తాగనిచ్చేదాన్ని కాదు.

కోటకు ఒక పక్క గోడ అవసరమే లేదు. కొండను నిలువునా కోసినట్టుగా లోయ, దాని అడుగున పెన్నానది. మేకలు అటు పోకుండా జేజి ఎప్పుడూ ఆ అంచు వైపే కాపు ఉండేది. ఆ రోజు ఒక మేక కుంటుతుంటే, కాలిలో ముల్లు తీయడానికి ఆమె కాస్త అవతలికి వెళ్లింది. మబ్బు పట్టి ఉంది. లోయలోంచి గాలి పైకి కొడుతోంది. అంతలో ఒక తల్లిమేక అంచున నిలబడి ఒకటే అరుపు. వెళ్లి తొంగి చూశాను. పుట్టి నెల కూడా నిండని దాని పిల్ల, రెండు నిలువుల కింద, మంచమంత బండ మీద నిలబడి వణుకుతోంది. బండకు అవతల ఇంకేమీ లేదు. గాలే.

నేను ఆలోచించలేదు. రాళ్ల సందుల్లో వేళ్లు దూర్చి, కాళ్లు పెట్టి దిగిపోయాను. దిగడం కష్టమనిపించలేదు. బండ మీద కాలు మోపి పిల్లను ఎత్తుకున్నాక పైన ఏదో కదిలింది. నేను కాలు ఆనించి దిగిన రాయి ఊడి, నా భుజానికి తగులుతూ కిందికి పోయింది. అది అడుగున పడిన చప్పుడు ఎంతసేపటికో వినిపించింది. ఆ చప్పుడు విన్నాకే నేను ఎక్కడ నిలబడ్డానో నాకు తెలిసింది.

అరవడానికి నోరు రాలేదు. వీపు రాతికి ఆనించి, పిల్లను గుండెకు అదుముకుని అలాగే ఉండిపోయాను. కాసేపటికి పైన జేజి ముఖం కనిపించింది. నన్ను చూసింది. గట్టిగా అరవడం మొదలుపెట్టింది. కదలొద్దంది. గోడ వైపు తిరగమంది. పిల్లను వదిలెయ్యమంది. ఆమె అరిచిన కొద్దీ నా కాళ్లు ఇంకా బిగుసుకుపోయాయి. తిరగాలంటే ఒక అడుగు ముందుకు, అంచు వైపు వెయ్యాలి. ఆ అడుగు వెయ్యడం నా వల్ల కాలేదు. పిల్లను వదలడం అసలే కాలేదు.

ఆమె ఊరి వైపు తిరిగి మనుషుల కోసం కేకలు వేసింది. ఎవరూ పలకలేదు. పల్లెకు పోయి తాడూ మనిషినీ తేవచ్చు. కానీ ఆమె వచ్చేలోపు నేను ఉంటానా? పైగా వాన ఎదురుగా లోయ మీదుగా తెల్లగా వస్తోంది. తడిసిన రాతి మీద మేక కాలే నిలవదు.

పైన కేకలు ఆగిపోయాయి. ముఖం కనిపించలేదు. జేజి వెళ్లిపోయిందనుకున్నాను.

అప్పుడు పైనుంచి ఆమె గొంతు వచ్చింది. అరుపు కాదు. పొద్దున రాయి మీద కూర్చుని మాట్లాడే గొంతే.

“పాపా, ఒక రాణి కత చెప్తాండా. ఇంటాండావా?”

ఆమె నా జవాబు కోసం ఆగకుండా మొదలుపెట్టింది. ఈ కోటను శత్రువులు చుట్టేశారట. రాణి చంటిబిడ్డను ఎత్తుకుని ఈ లోయ పక్క నుంచే దిగబోయిందట. సగం దిగాక ఒక బండ మీద చిక్కుకుపోయిందట. పైకి దారి లేదు, కిందికి దారి లేదు. కోటలో ఒక ముసలి దాసి మాత్రం మిగిలింది. ఆ దాసి రాణి కోసం పైనుంచి ఒక పట్టుచీర వదిలింది.

జేజి ఆ మాట అంటుండగానే నా ముఖం ముందుకు బట్ట ఒకటి దిగి వచ్చింది. మెలిపెట్టిన ముతక నేత చీర. అది ఆ పొద్దున ఆమె ఒంటి మీద చూసిన చీరే.

“రాజు రాడా జేజీ?” అన్నాను. బండ మీదికి దిగాక నేను మాట్లాడిన మొదటి మాట అది.

“రాజు శానా దూరంలో ఉండాడు. వాన వచ్చే లోపల రాలేడు,” అంది జేజి. “ఇగ రాణే చూసుకోవల్ల.”

రాణి ముందు గోడ వైపు తిరిగిందట. కిందికి చూడలేదట, వీపు వెనక రాతిలో తెల్లగీత ఒకటి ఉంటే దాన్నే చూస్తూ తిరిగిందట. నా వెనక కూడా గీత ఉంటుందేమోనని తల తిప్పాను. తలతో పాటు భుజం తిరిగింది, భుజంతో పాటు కాలు. నేను గోడ వైపు తిరిగిపోయాను. గీత లేదు. ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

తరువాత రాణి బిడ్డకు చీర కట్టిందట. ముందు బిడ్డ పైకి పోవాలంది. నా చేతులు చీర కొసను పట్టుకున్నాయి గానీ వేళ్లు మాట వినడం లేదు. రాణికి ముడి వేయడం వచ్చా అని అడిగాను. ఎందుకు రాదు, ఆ రాణి చిన్నప్పుడు మేకలు కాసింది, గుంజకు మేకను కట్టే ముడే వేసింది అంది. ఆ ముడి నాకూ వచ్చు. పిల్ల ముందుకాళ్ల కింది నుంచి చీర చుట్టి కట్టాను. అది కాళ్లు తన్నుకుంటూ, అరుస్తూ పైకి పోయింది. తల్లిమేక అరుపు ఆగింది.

చీర మళ్లీ దిగింది. ఈసారి చేతులు ఖాళీగా ఉన్నాయి. గుండెకు అదుముకోవడానికి ఏమీ లేదు. అప్పుడు పట్టింది నాకు అసలైన వణుకు. పళ్లు కొట్టుకుంటున్నాయి. మోకాళ్లు రాతికి తగిలి చప్పుడవుతోంది. మొదటి చినుకు మెడ మీద పడింది.

“రాణికి భయం కాలేదా?”



“అయింది. శానా అయింది. కాళ్లు చేతులు వణికినాయి. వణకతానే కట్టుకునింది.”

ఆ మాటతో నాలో ఏదో సర్దుకుంది. అంతకుముందు నేను వణుకు ఆగడం కోసం ఎదురుచూస్తున్నాను. ఆగితే కట్టుకుందామని. ఆగనక్కరలేదని జేజి చెప్పింది. చంకల కింది నుంచి చీర చుట్టాను. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. ముడి పడింది.

రాణి కాళ్లతో సందులు వెతుక్కుందట, దాసి లాగిందట. నేను వెతుక్కున్నాను, జేజి లాగింది. ఒకచోట కాలు జారి, చీర మీద అలా వేలాడిపోయాను. గాలి నన్ను రాతికి కొట్టింది. చీర ఎక్కడో పర్రున చిరిగిన శబ్దం. పైన జేజి కథ ఆపలేదు. రాణి ఇంకో కాలు పెట్టింది, ఇంకో కాలు పెట్టింది అని అదే మాట అంటోంది. గొంతు మాత్రం మారింది, బరువు మోసేవాళ్ల గొంతులా. నా చెయ్యి అంచు మీదికి పోగానే ఆమె చెయ్యి నా జడ పట్టుకుంది. జడ పట్టుకునే పైకి ఈడ్చింది.

వాన అప్పుడు దిగింది. జేజి గొంగడి ఒంటికి చుట్టుకుని ఉంది. చీర రెండో కొస ఒక గుండురాతికి చుట్టి ఉంది. ఆమెను చీర లేకుండా నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఊళ్లో మగవాళ్లు వీధిలో వస్తుంటే తలమీది కొంగు సర్దుకునే మనిషి ఆమె. అరచేతుల్లో తోలు లేచిపోయింది. నా ఒంటికి ఉన్న ముడి విప్పబోతే ఆమె వేళ్లకు పట్టు దొరకలేదు. వణుకుతున్నాయి, నావాటికన్నా ఎక్కువగా. చివరికి నేనే విప్పాను. అప్పుడు వీపు మీద ఒక్కటి వేసింది. వెంటనే నన్ను గొంగట్లోకి లాక్కుని, వాన వెలిసేదాకా వదలలేదు.

దారిలో ఆ రాణి తరువాత ఏమైందని అడిగాను. తిరిగి కట్టుకున్న చీరలో చిరుగును లోపలి మడతలోకి దోపుకుంటూ నడుస్తున్న జేజి, ఏమో తనకేం తెలుసంది.

“ఆ రాణి ఎవురో నేనూ ఎన్నడూ ఇనలే పాపా. నువ్వు మాట ఇనవని చెప్తి.”

ఇంట్లో ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. జేజి పోయాక, పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక, ఎప్పుడో ఒకసారి పిల్లలతో కోటకు వెళ్తే, అక్కడ చుట్టూ తిప్పి చూపించే మనిషిని అడిగాను, ఇలా ఒక రాణి ఉండేదా అని. ఆయన రాజుల పేర్లు వరసగా చెప్పాడు. లోయ అంచున చిక్కుకున్న రాణి సంగతి తానెరగనన్నాడు. నాకు సంతోషమే అయింది. ఆ రాణి మా ఇద్దరిదే.

ఆ తరువాత నా బతుకులో అలాంటి చోట్లు చాలానే తగిలాయి. మా ఆయన హఠాత్తుగా చనిపోయిన ఏడాది, ఆయన బట్టల దుకాణం షట్టర్ తీయడానికి ఒంటరిగా నిలబడిన పొద్దు ఒకటి. బజారంతా చూస్తోంది. తాళంచెవి తాళంలో దూరడం లేదు, చెయ్యి అంతగా ఆడుతోంది. పక్క దుకాణం సాయిబు మామ లేచి వచ్చి, తాను తీస్తానన్నాడు. వద్దు మామా అన్నాను. షట్టర్ సగం లేచాక చెయ్యి కుదురుకుంది.

ధైర్యం వచ్చాక చేద్దామని ఆగి ఉంటే నేను ఇప్పటికీ ఆ బండ మీదే ఉండేదాన్ని. ఈ వయసులో కూడా నాకు భయం పోలేదు. పోతుందని ఎదురుచూడటం మాత్రం ఆ రోజే మానేశాను.