కుంకుమ పెట్టిన కరెంటు కన్ను

తనంతట తానే ఆగుతుందన్న యంత్రం ఒకరోజు ఆగకపోతే? మా పాప పుట్టినప్పటి నుంచి నన్ను వదలని భయం ఇది. దీని వెనక పెనుకొండలో మా పక్కింటి హజరత్‌వలి కుడిచెయ్యి ఉంది.

1983లో ఆయన రోజూ బస్సులో హిందూపురం వెళ్లి, ఒక కార్ఖానాలో డబ్బాల మూతలు అచ్చుకొట్టే ప్రెస్సు మీద పనిచేసేవాడు. ఆ ఏడు దానికి కొత్తగా కరెంటు కన్ను బిగించారు. అటు ఒక దీపం, ఇటు ఒక గాజు కన్ను. మధ్యలో చెయ్యి అడ్డొస్తే కంటికి వెలుతురు అందదు, ప్రెస్సు ఆగిపోతుంది. మనిషిని కనిపెట్టే మిషన్ నిజంగా ఉంటుందా అని ఆయన నన్ను అడిగాడు. అప్పుడే బీఎస్సీ పాసైన గర్వంలో కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. పొరబాటు మనిషి చేస్తాడు గానీ వెలుతురు చెయ్యదన్నాను. ఆయన నమ్మాడు. ఇరుక్కున్న రేకును ప్రెస్సు ఆపకుండానే చేత్తో లాగడం అలవాటు చేసుకున్నాడు.

ఆయుధపూజ నాడు మిషన్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టారు. ఎవరో భక్తిగా ఆ గాజు కంటికీ పెట్టారు. సెలవు తర్వాత ప్రెస్సు కదల్లేదు. ఎందుకో చూసే ఓపిక ఎవరికీ లేదు. ఫిట్టర్ లింగప్ప రెండు వైర్లు కలిపి, కన్నుతో పనిలేకుండా నడిపించాడు. గుడ్డతో తుడిస్తే పోయే కుంకుమ అది. మధ్యాహ్నానికి హజరత్‌వలి మూడు వేళ్లు పోయాయి.

లింగప్ప ఆసుపత్రికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. హజరత్‌వలి అడిగింది ఒక్కటే.

"ఏమబ్బా, వైరు కలిపినామని ఒక్క మాట చెప్పింటే ఏం పోయింటాది?"

"సూపర్‌వైజరు వద్దన్న్యాడప్పా. తెలిస్తే నువ్వు భయపడి నిదానంగా చేస్తావంట."

విచారణలో కార్మికుడి అజాగ్రత్త అని రాశారు. ఉద్యోగం పోయింది. ఆయన పెనుకొండ బస్టాండులో జామకాయలు అమ్ముతూ, ఎడమచేత్తో కోయడం నేర్చుకున్నాడు. ఎవరైనా రెండో చేతికేసి అదే పనిగా చూస్తే, మిగతా వేళ్లు కంపెనీవాళ్లు గుర్తుగా పెట్టుకున్నారనేవాడు.

నా తప్పు ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. పాపను ఎత్తుకుని వెళ్లి చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. ఆ రోజు నుంచి, పాపను ఉయ్యాల్లో వేసే ముందు తాళ్లు బరువు ఆపుతాయా అని రోజూ రోటి పొత్రం అందులో పెట్టి ఊపి చూస్తున్నాను. ఆయన అన్న మాట ఇది:

"నీ బొమ్మ సరిగానే ఉండాదిమ్మా. ఆ పొద్దు కన్ను చూస్తాందా లేదా అని నేను అడగలేదు. దినామూ అడగాల. కట్టె అడ్డం పెట్టి అడుగు, చెయ్యి పెట్టి అడగొద్దు."